ముందు బ్యాగును కాటా ఎక్కించండి: తేలిక ల్యాప్‌టాప్ కొనాలా, వద్దా?

బెజవాడ బందర్ రోడ్డులో ఏ షోరూమ్‌కి వెళ్లినా సేల్స్ కుర్రాడు సన్నటి ల్యాప్‌టాప్‌ని రెండు వేళ్లతో ఎత్తి, "చూడండి సార్, చేతిలో ఉన్నట్టే తెలియదు" అంటాడు. మన చేతికిస్తాడు. మనమూ ఎత్తి చూస్తాం, నిజమే అనిపిస్తుంది. ఏసీలో నిలబడి అర నిమిషం పట్టుకుంటే ఏ ల్యాప్‌టాపైనా తేలిగ్గానే ఉంటుంది మరి. దాని అసలు బరువు తెలిసేది నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కి, సీటు దొరక్క మంగళగిరి దాకా నిలబడి వెళ్లినప్పుడు.

అలాగని తేలికదనానికి డబ్బు పెట్టడం దండగ అనను. అవసరం ఉన్నవాళ్లకి అది రోజూ అక్కరకొస్తుంది. అవసరం లేనివాళ్లు మాత్రం ఎక్కువ డబ్బు పోసి, పోర్టులు తగ్గించుకుని, తర్వాత ర్యామ్ పెంచుకునే వీలు కూడా పోగొట్టుకుంటారు. బ్యాగు రోజులో ఎంతసేపు మీ భుజం మీద ఉంటుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మిగతావన్నీ ఆ తర్వాతే. కింద చెప్పిన వరసలోనే వెళ్లండి. చాలామంది ముందు మోడల్ మీద మనసు పడి, కారణాలు తర్వాత వెతుక్కుంటారు.

1. బ్యాగును తూయించండి

రోజూ తీసుకెళ్లే బ్యాగును ఏమీ తీయకుండా, ఉన్నదున్నట్టు వీధి చివర కిరాణా కొట్టుకి పట్టుకెళ్లండి. "అన్నా, ఒక్కసారి ఇది తూచి పెట్టవా" అంటే కాదనేవాళ్లెవరూ ఉండరు. మొత్తం బరువు రాసుకోండి. తర్వాత ఒక్కో వస్తువూ విడిగా తూయించండి: ల్యాప్‌టాప్, చార్జరు, నీళ్ల సీసా, క్యారేజీ, ఖాళీ బ్యాగు.

ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం. లీటరు స్టీలు సీసా నిండుగా ఉంటే 1.3 కిలోల దాకా తూగుతుంది. గట్టి బ్యాగు ఖాళీగానే కిలోకి దగ్గరగా ఉంటుంది. క్యారేజీ సంగతి సరే సరి. మొత్తం ఐదు కిలోల్లో ల్యాప్‌టాప్ వాటా 1.7 కిలోలైతే, దాన్ని 1.2 కిలోలదానితో మార్చి మీరు దించుకునేది అర కిలో. ఆఫీసులో మంచినీళ్లు దొరుకుతుంటే సీసా ఖాళీగా తీసుకెళ్లి అంతకు రెట్టింపు దించుకోవచ్చు, అదీ ఉచితంగా.

ఆ అర కిలో మీకు నిజంగా ముఖ్యమేనా అన్నది తిరగేసి పరీక్షించొచ్చు. అర లీటరు నీళ్ల బాటిల్ నింపి, మూత గట్టిగా బిగించి, బ్యాగులో అదనంగా వేసుకుని ఒక వారం తిరగండి. ల్యాప్‌టాప్ పక్కన మాత్రం పెట్టకండి, బయటి జేబులో పెట్టండి. ఉన్న సంగతే మర్చిపోయారంటే, అర కిలో తగ్గినా మీకు తెలియదు. బుధవారానికే విసుగొచ్చి తీసి పారేశారంటే తేలిక ల్యాప్‌టాప్ మీకు అవసరమే.

ఈ వారంలోనే ఇంకొకటి గమనించండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగారన్నది కాదు, బ్యాగు భుజాన ఎన్ని నిమిషాలు ఉందన్నది. బెజవాడ నుంచి వడ్డేశ్వరంలోనో వడ్లమూడిలోనో ఉన్న కాలేజీకి కాలేజీ బస్సులో వెళ్లే పిల్లాడికి దూరం ఎక్కువే, కానీ బ్యాగు ఒళ్లో ఉంటుంది. స్కూటీ మీద పటమట నుంచి గవర్నర్‌పేట వెళ్లేవాళ్లకి బ్యాగు కాళ్ల దగ్గర ఉంటుంది, మోసేది బండి. రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, పది ప్లాట్‌ఫారాలున్న బెజవాడ స్టేషన్లో వంతెనెక్కి దిగి, అక్కణ్నుంచి ఆటో దాకా నడిచే ఉద్యోగికి అదే బ్యాగు నలభై నిమిషాలు వీపు మీదే. మెడికల్ రెప్‌లు, సీఏ చదువుతూ ఆడిట్‌కి ఊళ్లు తిరిగే ఆర్టికల్ కుర్రాళ్లు, క్లాసు క్లాసుకీ గదులు మారే లెక్చరర్లు కూడా ఈ జాబితాలోనే ఉంటారు. వీళ్లకి వంద గ్రాములు కూడా లెక్కే.

మెడ, నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. తేలికదే చూసుకోండి.

2. "తేలిక" అంటే ఎంతో అంకెల్లో అనుకోండి

ఆన్‌లైన్‌లో "థిన్ అండ్ లైట్" అని పెట్టి అమ్మేవాటిలో 1.7 కిలోలవి కూడా ఉంటాయి. సన్నగా ఉండటం వేరు, తేలిగ్గా ఉండటం వేరు. నా దృష్టిలో 1.3 కిలోల లోపుంటేనే తేలిక. 1.3 నుంచి 1.5 దాకా మధ్యరకం. ఆపైన మామూలు ల్యాప్‌టాపే, పేరు ఏదైనా. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 (ఆపిల్ సొంత చిప్) వచ్చినప్పట్నుంచీ 1.24 కిలోల చుట్టూనే. 15 అంగుళాలదైతే 1.51. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు 2.3 కిలోలు దాటడం మామూలే, వాటి చార్జరే అర కిలోకి పైగా ఉంటుంది.

కంపెనీ పేజీలో "1.29 కిలోల నుంచి" అని రాసి ఉంటే ఆ "నుంచి" మీద కన్నేయండి. అది అన్నిటికన్నా చిన్న బ్యాటరీ, టచ్ లేని స్క్రీన్ ఉన్న మోడల్ బరువు కావచ్చు. మీరు కొనేది అదే కాకపోవచ్చు. చార్జరు బరువు చాలాచోట్ల రాయరు. టైప్-సీతో చార్జ్ అయ్యేదైతే 65 వాట్ల చిన్న చార్జరు ఒకటి విడిగా కొని ఆఫీసులో పడేసుకోవచ్చు, అప్పుడు రోజూ మోసే పని ఉండదు. గుండ్రటి పిన్ను చార్జరైతే ఇంకోటి కొనాలంటే ఆ కంపెనీదే వెతుక్కోవాలి. నా మట్టుకు, టైప్-సీ చార్జింగ్ లేని తేలిక ల్యాప్‌టాప్‌ని బేరం కూడా ఆడను.

3. మీ పని దానిలో నడుస్తుందా?

మా బాబాయి గుంటూరు బ్రాడీపేటలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తారు. సీజన్లో మిర్చియార్డు కమీషన్ వ్యాపారుల లెక్కలు కూడా చూస్తారు. ఆయన టేబుల్ మీద ఒకసారి చూస్తే తేలిక ల్యాప్‌టాప్‌తో వచ్చే చిక్కులన్నీ అక్కడే కనిపిస్తాయి. డిజిటల్ సంతకం టోకెన్ పాత వెడల్పాటి యూఎస్‌బీ పోర్టులో పెట్టేది. పక్కన ఆయన వేళ్లకి అలవాటైన అంకెల ప్యాడ్ ఉన్న కీబోర్డు. ఒక పాత ప్రింటరు. రోజంతా టాలీ, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. "బాబాయ్, సన్నటిది కొనుక్కోవచ్చుగా" అంటే, "అంకెలు పై వరసలో వెతుక్కుంటూ కూర్చుంటే సీజన్ అయిపోద్దిరా" అన్నారు. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో దాదాపుగా అంకెల ప్యాడ్ ఉండదు. ఆయన ఇంటికీ ఆఫీసుకీ మధ్య మోసేది కూడా ఏమీ లేదు. కాబట్టి ఆయనకి 15.6 అంగుళాల మామూలుదే సరైనది.

టాలీ విండోస్ సాఫ్ట్‌వేర్, మ్యాక్‌లో నేరుగా నడవదు. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌తో 2024 నుంచి వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు తేలిగ్గా ఉంటాయి, బ్యాటరీ బాగా నిలుస్తుంది. కానీ అవి ఆర్మ్ రకం, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కంటే వేరే డిజైన్. మామూలు విండోస్ ప్రోగ్రాములు చాలావరకు వాటిలో నడుస్తాయి గానీ, టోకెన్లకీ ప్రింటర్లకీ కావల్సిన డ్రైవర్లు ఆర్మ్ కోసం విడిగా చేసినవే ఉండాలి. పాత పరికరానికి అలాంటి డ్రైవర్ లేకపోతే అది పనిచేయదు, అంతే. టోకెన్ వాడేవాళ్లు కొనేముందు టోకెన్ అమ్మినవాళ్లని ఈ ఒక్క మాట అడగాలి.

ఇంజినీరింగ్ విద్యార్థులకి బ్రాంచిని బట్టి ఉంటుంది. మెకానికల్, సివిల్ వాళ్లకి సాలిడ్‌వర్క్స్, రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు కావాలి. ఈ రెండూ విండోస్‌కే చేసినవి, పైగా గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే సుఖం. వీళ్లు తేలికదానికోసం చూడకపోవడమే మంచిది. సీఎస్ఈ వాళ్లకి తేలికది హాయిగా సరిపోతుంది, ర్యామ్ 16 జీబీ ఉంటే. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ (కంప్యూటర్లోనే నడిచే నకిలీ ఫోన్) నడిపితే 8 జీబీ ఆయాసపడుతుంది. బ్రౌజరు, వర్డు, జూమ్, ఎక్సెల్‌తో రోజు గడిచిపోయేవాళ్లకి ఈ విభాగంలో ఏ టెన్షనూ లేదు.

4. తేలికదనం కోసం వదులుకునేవి

అన్నిటికన్నా పెద్దది ర్యామ్. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒక స్లాటైనా ఉంటుంది, రెండేళ్ల తర్వాత కావాలంటే వేయించుకోవచ్చు. తేలికవాటిలో ర్యామ్‌ని ఎక్కువగా బోర్డు మీదే సోల్డర్ చేస్తారు, అంటే ఊడదీయలేకుండా అతికించేస్తారు. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరసలో అయితే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది: 16 జీబీ, లేదా 32. మధ్యలో పెంచడం అన్న మాటే లేదు. అంటే నాలుగేళ్ల తర్వాతి అవసరాన్ని ఈ రోజే కొనాలి. 8 జీబీ తేలిక ల్యాప్‌టాప్ ఆఫర్లో ఎంత చవగ్గా వచ్చినా వద్దనే అంటాను.

షాపులో అడిగితే "తర్వాత వేయించుకోవచ్చండి" అని చెప్పేస్తారు, తెలిసి చెప్పినా తెలియక చెప్పినా. నమ్మాల్సిన పని లేదు. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ వెబ్‌సైట్లలో మోడల్‌వారీగా సర్వీస్ మాన్యువల్ ఉచితంగా పెడతాయి. ఫోన్‌లో అక్కడే తెరిచి ర్యామ్ విప్పే బొమ్మ ఉందేమో చూడండి. లేకపోతే అది సోల్డరే. హార్డ్ డిస్కు బదులు వచ్చే ఎస్ఎస్‌డీ మాత్రం విండోస్ తేలిక ల్యాప్‌టాప్‌లలో చాలావరకు మార్చుకోవచ్చు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఆ వీలు లేదు.

రెండోది వేడి. మన ఊళ్లో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని రాస్తుంది. బెజవాడ మే నెలలో ఏసీ లేని గదిలో ఆ 35 పొద్దున పదింటికే దాటుతుంది. చిప్ ఒక హద్దు దాటి వేడెక్కితే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఫ్యాను చిన్నది, వేడిని లాగే లోహమూ తక్కువే. 2020లో ఎం1 వచ్చినప్పట్నుంచీ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. చప్పుడుండదు, ధూళి చేరదు, చిన్న చిన్న పనులకి అది వరమే. కానీ గంటసేపు పెళ్లి వీడియో ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ పెడితే మొదటి పది నిమిషాల వేగం తర్వాత ఉండదు. ప్రాసెసర్ పేరు చివర అక్షరం చూస్తే కొంత తెలుస్తుంది. ఇంటెల్‌లో "యూ" ఉంటే సాధారణంగా 15 వాట్ల మీద నడిచే తక్కువ వేడి రకం, "హెచ్" ఉంటే 45 వాట్లది. 1.2 కిలోల శరీరంలో హెచ్ చిప్ పెట్టి అమ్ముతుంటే, ఏసీ లేని ఇంట్లో ఆ బలం మీకు పూర్తిగా అందదు.

నిల్వకి కూడా హద్దుంది, ఆపిల్ లెక్కలో 45 డిగ్రీలు. ఎండలో పెట్టిన స్కూటీ సీటు కింద, అద్దాలు మూసిన కారులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. తేలిగ్గా ఉంది కదా అని డిక్కీలో పడేసి షాపింగుకి వెళ్లొద్దు, బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది.

మూడోది పోర్టులు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని బయటికి తీసినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. అందులో ఉన్నది ఒకే ఒక్క యూఎస్‌బీ పోర్టు. ఆ అలవాటు ఇంకా పోలేదు. కాలేజీలో ప్రొజెక్టరుకి హెచ్‌డీఎంఐ, జెరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్, ఇవి మన దగ్గర ఇంకా రోజువారీ అవసరాలే. హబ్ కొనాల్సి వస్తే దాని ధర, బరువు, ఇంట్లో మర్చిపోయే అవకాశం, మూడూ లెక్కలో వేసుకోండి.

సున్నితత్వం గురించి ఒక్క మాట. సన్నటి మూత వెనక నుంచి ఒత్తిడి పడితే స్క్రీన్ మీద మచ్చలు, పగుళ్లు వస్తాయి. రద్దీ బస్సులో వీపు మీది బ్యాగు కడ్డీకి నొక్కుకుపోవడం, కీబోర్డు మీద ఇయర్‌బడ్ ఉండగానే మూత వేసేయడం, ఇవి చాలు. స్క్రీన్ మార్పించే ఖర్చు వింటే గుండె గుభేలుమంటుంది.

5. బ్యాటరీని గంటల్లో కాదు, వాట్-అవర్లలో చూడండి

ప్రకటనలో "18 గంటలు" అంటే చాలాసార్లు వెలుతురు తగ్గించి, ల్యాప్‌టాప్‌లో ఉన్న వీడియో ఒకటి ఆడించి తేల్చిన లెక్క. వివరాల్లో వాట్-అవర్ అంకె, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత, వెతకండి. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, టైపింగు, బ్రౌజింగుకి ల్యాప్‌టాప్ 8 వాట్లు తాగితే ఆరు గంటలు వస్తుంది. వీడియో కాల్స్‌లో 14 వాట్లు తాగితే మూడున్నర. బరువు తగ్గించడానికి కొన్ని కంపెనీలు బ్యాటరీనే కోసేస్తాయి. అప్పుడు చార్జరు మోయక తప్పదు, తగ్గించిన బరువు మళ్లీ బ్యాగులోకి వస్తుంది. రోజంతా ప్లగ్గు పక్కనే కూర్చునేవాళ్లు ఈ విభాగం వదిలేయొచ్చు.

6. గ్రాముకి ఎంత పెడుతున్నారో లెక్కేయండి

ఒకే ప్రాసెసర్, అంతే ర్యామ్, అంతే ఎస్ఎస్‌డీ ఉన్న రెండు మోడళ్లు తీసుకోండి, ఒకటి మామూలుది, ఒకటి తేలికది. ధరల తేడాని బరువు తేడాతో భాగించండి. ఉదాహరణకి 15,000 రూపాయల తేడా, 500 గ్రాముల తేడా అయితే గ్రాముకి 30 రూపాయలు. మొదటి మెట్టులో నీళ్ల బాటిల్ని బుధవారానికి పారేసినవాళ్లకి ఈ ధర న్యాయమే. లేనివాళ్లు అదే డబ్బుతో ర్యామ్ పెంచుకోవడమో, పొడిగించిన వారంటీ తీసుకోవడమో మేలు. ధరలు వారానికోసారి మారతాయి కాబట్టి రెండు మోడళ్లనీ ఒకే రోజు చూడండి.

ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. వ్యాపారానికి కొంటూ మీకు జీఎస్టీ నంబరుంటే బిల్లు మీద అది వేయించుకుని క్రెడిట్ తీసుకోవచ్చు. అలా తీసుకున్న పన్ను మొత్తం మీద మళ్లీ డిప్రిసియేషన్ (తరుగుదల) చూపకూడదు.

7. ఉన్నదాన్ని బాగుచేసుకుంటే సరిపోతుందా?

"బరువుగా ఉంది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు "నెమ్మదిగా ఉంది", "చార్జింగ్ నిలవట్లేదు" అనేవి దాక్కుని ఉంటాయి. ఎస్ఎస్‌డీ వేయించి, బ్యాటరీ మార్పించి, ఆఫీసులో రెండో చార్జరు పెట్టుకుంటే ఆ ఫిర్యాదుల్లో సగం పోతాయి.

ఇంకో దారి, కార్పొరేట్ కంపెనీలు వాడి వదిలేసిన తేలిక ల్యాప్‌టాప్‌లు. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ లాంటివి 1.1 కిలోల చుట్టూ ఉంటాయి, కీబోర్డు అద్భుతం. కానీ మూడు సంగతులు చూసుకోండి. ఇంటెల్ 8వ తరం కంటే పాతదైతే వద్దు, విండోస్ 11కి అధికారికంగా అర్హత లేదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎక్స్1లో ర్యామ్ సోల్డరే, ఎంతుందో అంతే. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్ట్ మీ ముందే తీయించి, తయారైనప్పటి సామర్థ్యం పక్కన ఇప్పటి సామర్థ్యం చూడండి. అది సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరమాడండి.

8. షాపులో చేయాల్సినవి

ఇక్కడిదాకా వచ్చాక కూడా తేలికదే కావాలనిపిస్తే, ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ఒకసారి షాపులో చేత్తో ముట్టుకుని చూడండి. బల్ల మీద పెట్టి ఒక్క వేలితో మూత ఎత్తండి. కింది భాగం కూడా లేచి వస్తుంటే హింజి (మూత కీలు) బిగువు సరిగా లేనట్టే. తెరిచిన మూతని పై మూల దగ్గర పట్టుకుని మెల్లగా ఊపి వదలండి, ఎంతసేపు ఊగుతుందో చూడండి. రైల్లో ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఈ ఊగుడు పెద్ద చిరాకు. కీబోర్డు మధ్యలో జీ, హెచ్ అక్షరాల దగ్గర వేలితో నొక్కండి. పళ్లెంలా లోపలికి దిగుతుంటే ఇంకో మోడల్ చూడండి. మీకు అలవాటైన పేరా ఒకటి టైప్ చేయండి, పదిహేను నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, నిలబెట్టిన కుర్రాడికి ఒక టీ చెప్పండి.

స్క్రీన్ వెలుతురు 300 నిట్లకి (నిట్ అంటే వెలుతురు కొలత) తగ్గకుండా ఉండాలి. షాపు అద్దం తలుపు పక్కకి, పగటి వెలుతురు పడేచోటికి తీసుకెళ్లి చూడనిమ్మనండి. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని కనిపిస్తే రంగులు వెలిసినట్టుంటాయి, ఫొటోలూ డిజైనింగూ చేసేవాళ్లకి పనికిరాదు. చివరగా చార్జరు బయటికి తీయించి, ల్యాప్‌టాప్‌తో కలిపి మీ బ్యాగులోనే వేసుకుని భుజానికి తగిలించుకోండి. వీలైతే మెట్లెక్కి దిగండి. సెక్యూరిటీ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

వారంటీ గురించి అడిగేటప్పుడు "ఎన్నేళ్లు" అని మాత్రమే అడక్కండి. ఇంజినీరు మీ పిన్‌కోడ్‌కి వస్తాడా, మీరే సర్వీస్ సెంటరుకి మోసుకెళ్లాలా, కింద పడి పగిలితే వర్తించే కవరు విడిగా కొనాలా, అది కొన్న ఎన్ని రోజుల్లోపు తీసుకోవాలి, ఇవన్నీ బిల్లు కొట్టకముందే తేల్చుకోండి. తేలికవాటికి మాత్రం నేను ఆ ప్రమాద కవరు తీసుకోమనే చెబుతాను. బిల్లు మీది సీరియల్ నంబరు, డబ్బా మీదిది, ల్యాప్‌టాప్ అడుగునున్నది మూడూ ఒకటేనని సరిచూసి, అక్కడే ఫొటో తీసి పెట్టుకోండి.